కూర్మనాథుని వంశచరిత్ర

ముప్పయ్యేళ్లు కూర్మావతార పాఠం చెప్పాను. మన తీరపు తాబేళ్ల ముచ్చట పిల్లలకు ఒక్కనాడూ చెప్పలేదు. ఆ లోటు నేడు పూరిస్తున్నాను.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం దాటి, తార్నాక మీదుగా ఉప్పల్ దారి పడితే సీసీఎంబీ పరిశోధనాలయం వస్తుంది. సముద్రం లేని ఈ నగరంలోనే కార్తిక్ శంకర్, రమేశ్ అగర్వాల్, లాల్జీ సింగ్ ప్రభృతులు తూర్పుతీరపు ఆలివ్ రిడ్లే తాబేళ్ల డీఎన్ఏను పరిశీలించి, 2004లో ఫలితాలు ప్రకటించారు. ఈ వంశశాఖ అతి ప్రాచీనమనీ, ఇతర సముద్రాల్లోని రిడ్లేలకు ఇదే మూలం కావచ్చుననీ తేల్చారు.

మూలమే ఎండితే కొమ్మలు మిగిలి ఏమి ఫలం? 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఇచ్చింది. అయినా ఊపిరితిత్తులతో శ్వాసించే ఈ ప్రాణి మరపడవల వలల్లో చిక్కి, పైకి రాలేక ప్రాణం విడుస్తూనే ఉంది.

శాస్త్రం వంశాన్ని చదవగలదు. గుడ్డును కాచేది మాత్రం మనిషి చేయి. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో మత్స్యకార యువకులు కుక్కలూ నక్కలూ తవ్వకముందే గుడ్లు ఏరి, కంచె కట్టిన ఇసుకలో పాతిపెడతారు. సుమారు యాభై రోజులకు పిల్లలను కడలికి వదులుతారు.

శ్రీకూర్మంలో కూర్మనాథునికి మనం మ్రొక్కుతాం. ఆయన వంశానికి సేవ చేస్తున్నవారు వీరే.