వృత్తి విద్య: బోధకుడికి శిక్షణ ఒక్కటే చాలిందా?

వృత్తి విద్యపై మెయిన్స్ జవాబు రాసేటప్పుడు మనలో చాలామంది కమిటీలు, సంవత్సరాలు వరసగా పేర్చి ఆపేస్తాం. ఆ కమిటీలు అనుకున్నవన్నీ తరగతిలో జరగాల్సింది బోధకుడి చేతుల మీదుగానే. ఆయన బాగా పనిచేయాలంటే శిక్షణ ఉండాలి, పనిచేయాలన్న ఉత్సాహమూ ఉండాలి. మన చరిత్రలో ఈ రెండూ కలిసి నడిచింది తక్కువ.

1937 అక్టోబరులో వార్ధా సదస్సు జరిగింది. గాంధీజీ ఆలోచనకు జాకిర్ హుస్సేన్ కమిటీ పాఠ్యప్రణాళిక రూపమిచ్చింది. అయిదున్నర గంటల బడిలో 3 గంటల 20 నిమిషాలు చేతిపనికే. నూలు వడికిస్తూనే లెక్కలు నేర్పాలి. అంటే టీచరుకు రాట్నమూ రావాలి, పాఠమూ రావాలి. అందుకే కమిటీ ఉపాధ్యాయ శిక్షణకూ ప్రణాళిక ఇచ్చింది. జాతీయోద్యమ కాలం కనుక ఉత్సాహానికి కొదవ లేదు. శిక్షణ పొందినవాళ్లే చాలలేదు. చాలాచోట్ల చేతిపని మిగతా పాఠాలతో సంబంధం లేని ఒక పీరియడ్‌గా మిగిలింది.

స్వాతంత్ర్యం తర్వాత కథ తిరగబడింది. 1950లో క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీం మొదలైంది. ఐటీఐల ఇన్‌స్ట్రక్టర్ల కోసం కేంద్ర శిక్షణ సంస్థలు వచ్చాయి. హైదరాబాద్ విద్యానగర్‌లోనూ ఒకటుంది. శిక్షణకు దారి ఏర్పడింది, ఉత్సాహం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 1986 విద్యా విధానం ప్లస్‌టూ విద్యార్థుల్లో 10 శాతాన్ని 1990 నాటికి, 25 శాతాన్ని 1995 నాటికి వృత్తి కోర్సుల్లోకి తేవాలనుకుంది. 1992 సవరణలో ఆ గడువులే వెనక్కి జరిగాయి. కారణాలు అనేకం. వాటిలో ఒకటి, చాలా రాష్ట్రాల్లో ఈ పాఠాలు చెప్పినవాళ్లు పార్ట్‌టైమ్, కాంట్రాక్టు ఉద్యోగులు కావడం.

పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో హెర్జ్‌బర్గ్‌ను చదివే ఉంటారు. జీతం, ఉద్యోగ భద్రత లేకపోతే అసంతృప్తి వస్తుంది. అవి ఉన్నంత మాత్రాన ఉత్సాహం రాదు. దానికి గుర్తింపు, ఎదుగుదల కావాలి. వృత్తి బోధకుడికి చాలాసార్లు ఈ రెండు మెట్లూ అందలేదు. మీరు ఇంజనీరింగ్ చదివి ఉంటే గుర్తు చేసుకోండి: ఫస్టియర్ వర్క్‌షాపులో ఆకురాయి పట్టడం నేర్పిన ఇన్‌స్ట్రక్టర్‌ను కాలేజీలో ఎంతమంది ‘సార్’ అని పిలిచారు?

2020 జాతీయ విద్యా విధానం 2025 నాటికి కనీసం 50 శాతం విద్యార్థులకు వృత్తి విద్య పరిచయం కావాలంది. రేపు మీరు కలెక్టరయ్యాక ఇలాంటి బోధకుడి రెన్యువల్ ఫైలు మీ బల్ల మీదకే రావచ్చు. అప్పుడు ఏం రాస్తారో ఇప్పుడే సాధన చేయండి.

ప్రశ్న: భారత వృత్తి విద్యలో బోధకుల శిక్షణకు దక్కిన శ్రద్ధ వారి సేవా పరిస్థితులకు దక్కలేదు. వార్ధా నుంచి 2020 వరకు ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)