క్లచ్ పెడల్ లేదు.. మరి గేరు మార్చేదెవరు? ఆటోమేటిక్ పికప్ లోపల జరిగేది ఇదే!

పలాస జీడిపప్పు, ఉద్దానం కొబ్బరికాయలతో 16వ నంబర్ జాతీయ రహదారిపై విశాఖ వైపు వెళ్లే బండి ఏదైనా నిమ్మాడ దాటాల్సిందే. సరుకు మోసే పికప్‌లలో ఎక్కువ భాగం ఇప్పటికీ మాన్యువల్ గేర్లవే. అయితే ఆటోమేటిక్ పికప్ ఆంధ్రాకు కొత్తేం కాదు. 2016లో శ్రీసిటీలో ప్లాంటు ప్రారంభించిన ఇసుజు.. 2019లో వీ-క్రాస్‌ను 1.9 లీటర్ల డీజిల్ ఇంజిన్, 6 స్పీడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో తీసుకొచ్చింది. ఇంతకీ ఇందులో గేర్లు ఎలా మారతాయి?

క్లచ్ ప్లేటు పని ఆయిల్‌దే

ఇంజిన్‌కు, గేర్‌బాక్స్‌కు మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజిన్ వైపు రెక్కలు తిరిగి ఆయిల్‌ను నెడతాయి. ఆ ఒత్తిడికి గేర్‌బాక్స్ వైపు రెక్కలు తిరుగుతాయి. అందుకే బ్రేక్ తొక్కి ఆగినా ఇంజిన్ ఆగిపోదు. స్పీడ్ అందుకున్నాక లాకప్ క్లచ్ రెండింటినీ కలిపేస్తుంది. దీంతో డీజిల్ ఆదా అవుతుంది.

నిర్ణయం కంప్యూటర్‌ది

యాక్సిలరేటర్ ఎంత తొక్కారు? బండి స్పీడ్ ఎంత? ఆయిల్ ఎంత వేడెక్కింది? ఈ లెక్కలన్నీ సెన్సర్ల ద్వారా టీసీఎం అనే చిన్న కంప్యూటర్‌కు చేరతాయి. అది సోలెనాయిడ్ వాల్వులకు కరెంటు సిగ్నల్ పంపుతుంది. వాల్వు తెరుచుకోగానే ఆయిల్ ప్రెషర్‌తో లోపలి క్లచ్‌లు బిగుసుకుని గేరు మారుతుంది. పాత ఆటోమేటిక్‌లలో ఈ నిర్ణయం కూడా ఆయిల్ ప్రెషర్‌దే. ఇప్పుడు ఆ పని ఎలక్ట్రానిక్స్ చేస్తోంది.

ఒకే గేరులో ఉండిపోతే..?

సెన్సర్ లేదా వైరింగ్‌లో తేడా వస్తే టీసీఎం లింప్ మోడ్‌లోకి వెళ్తుంది. చాలా బండ్లలో అప్పుడు ఒకే గేరు పని చేస్తుంది, పికప్ తగ్గిపోతుంది. గేర్‌బాక్స్ పోయిందని కంగారు పడక్కర్లేదు. అది పాడవకుండా కాపాడే ఏర్పాటే ఇది. నెమ్మదిగా మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లి స్కానర్ పెట్టిస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది.

డ్రైవర్లూ.. ఇవి మర్చిపోవద్దు

* ఉద్దానం ఇసుక దారుల్లో చక్రం కూరుకుపోతే అదే పనిగా యాక్సిలరేటర్ తొక్కొద్దు. ఆయిల్ మరిగిపోయి లోపలి క్లచ్‌లు కాలిపోతాయి. ఇసుక తవ్వి, లోడు దించి బయటకు తీయాలి.

* ఆయిల్ టెంపరేచర్ లైటు వెలిగితే పక్కకు ఆపి, పార్కింగ్‌లో పెట్టాలి. వెంటనే ఇంజిన్ ఆపేయొద్దు. ఇంజిన్ తిరుగుతుంటేనే పంపు ఆయిల్‌ను కూలర్‌కు పంపుతుంది.

* బ్యాటరీ డౌన్ అయితే తోసి స్టార్ట్ చేయడం కుదరదు.

* బ్రేక్‌డౌన్ అయితే తాడు కట్టి లాగొద్దు. ఇంజిన్ ఆగితే లోపల ఆయిల్ తిరగదు, గేర్లు అరిగిపోతాయి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే నాలుగు చక్రాలూ పైకెత్తి తీసుకెళ్లాలి.

* గేర్ ఆయిల్ ఏదో ఒకటి పోయించొద్దు. బండి మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే వాడాలి.

ఆయిల్ మార్చడానికయ్యేది ఒక సర్వీస్ ఖర్చే. క్లచ్‌లు కాలిపోతే మాత్రం గేర్‌బాక్స్ మొత్తం విప్పాల్సిందే. అన్ని రోజులూ బండికి కిరాయి ఉండదు.