బాలింతల రొమ్ము ఇన్ఫెక్షన్

పాలిచ్చే తల్లుల రొమ్ములో వాపు, ఎరుపు, సలుపు, చలిజ్వరంతో కనిపించే జబ్బు. వైద్యులు మాస్టైటిస్ అంటారు. కాన్పయిన తొలి వారాల్లో ఎక్కువ. ప్రతి వాపూ ఇన్ఫెక్షన్ కాదు. పాలు నిలిచినా వాస్తుంది, దానికి యాంటీబయాటిక్ అక్కర్లేదు.

చనుమొన పగుళ్ల గుండా చేరే బాక్టీరియాలో ముఖ్యమైనది స్టాఫిలోకాకస్ ఆరియస్. పెనిసిలిన్‌ను విరిచే ఎంజైమును ఇది తయారుచేస్తుంది. అందుకే ఆమాక్సిసిలిన్ ఒక్కటీ చాలామందిలో పనిచేయదు. క్లాక్సాసిలిన్, సెఫాలెక్సిన్ వాడతారు. మెథిసిలిన్‌కు లొంగని రకమైతే ఇవీ నిష్ఫలమే. అప్పుడు క్లిండమైసిన్, లినెజోలిడ్, వాంకోమైసిన్ వంటివాటిలో ఏది పనికొస్తుందో పాలను లేదా చీమును కల్చర్ చేసి, సెన్సిటివిటీ పరీక్షతో తేల్చాలి. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. మందుల షాపులో అడిగి నాలుగు మాత్రలు మింగి మానేస్తే బాక్టీరియా మొండికేస్తుంది. రొమ్ములో గడ్డ కట్టి చీము పడుతుంది. చీమును సూదితో లాగాలి, లేదా కోసి తీయాలి.

ఇలాంటి చికిత్సకు ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళంలో రిమ్స్ ఆసుపత్రి, విజయనగరంలో కాన్పులకు పేరున్న ఘోషాసుపత్రి, 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆ చుట్టుపక్కల వారికి పెద్ద ఆసరాలు. మన్యంలోని సీతంపేట కొండ గూడేల బాలింతకు అంత దూరం రావడమే కష్టం. ఆశా కార్యకర్త జ్వరాన్ని తొలిరోజే గుర్తించడం అందుకే కీలకం.

ఇన్ఫెక్షన్ ఉన్నా సాధారణంగా బిడ్డకు పాలు మాన్పించనక్కర్లేదు. మానేస్తే పాలు నిలిచి వాపు పెరుగుతుంది. జ్వరం ఒక రోజులో తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.