డప్పు గేటు దగ్గర, ఫిజిక్సు హాల్లో



ఫిబ్రవరి 28 దగ్గరపడితే మా నిజామాబాద్ జిల్లా బడులన్నీ ఫెవికాల్ వాసన వేస్తాయి. అగ్నిపర్వతం మోడల్, సిరంజీలతో చేసిన జేసీబీ, అట్టముక్కల చంద్రయాన్. 1928లో ఆ తారీఖున సి.వి. రామన్ తన కాంతి పరిశోధన ఫలితాన్ని ప్రకటించాడు, 1930లో నోబెల్ వచ్చింది, 1987 నుంచి దేశమంతా ఆ రోజును సైన్స్ దినంగా జరుపుతున్నారు. ఇదంతా మీకు తెలిసిందే.

నాకు ఆ రోజు అనగానే గుర్తొచ్చేది వేరే. బోధన్ దగ్గర ఒక బడిలో (పేరు వద్దు) నేను ఏడో తరగతి. సైన్స్ ఎగ్జిబిషన్. ముఖ్య అతిథిని గేటు నుంచి హాలు దాకా డప్పులతో తీసుకురావాలి. సారు క్లాసులోకి వచ్చి "ఎవరికి డప్పు వచ్చు?" అని కూడా అడగలేదు. నన్నూ, మా వాడకట్టు పిల్లలు ఇంకో ముగ్గురినీ వేలు చూపి లేపాడు. బడి వెనక పాత నోటుపుస్తకాలు మంటేసి డప్పులు కాగబెట్టుకున్నం. కొట్టుకుంటూ అతిథిని గుమ్మం దాకా తెచ్చినం. అతిథి లోపలికి పోయాడు, మేం బయట ఆగినం. లోపల జాగ లేదన్నారు. కిటికీలోంచి చూస్తే పదో తరగతి అన్న ఒకడు ట్యూనింగ్ ఫోర్కును రబ్బరు మీద కొట్టి నీళ్లలో ముంచి, ధ్వని అంటే కంపనం అని వివరిస్తున్నాడు. నా చేతిలో డప్పు ఇంకా వేడిగానే ఉంది.

నేను ఫిజిక్సు చదవకపోవడానికి ఆ రోజే కారణం అని చెప్పను. లెక్కల్లో మార్కులు రాకపోవడం కూడా కారణమే. కానీ తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేస్తూ పాత పత్రికలు తిరగేస్తున్నప్పుడు ఆ గుమ్మం మళ్లీ మళ్లీ ఎదురైంది.

1906 చూడండి. ఆ ఏడాది హైదరాబాద్‌లో కొమర్రాజు లక్ష్మణరావు, మిత్రులు కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. చరిత్రనూ శాస్త్ర విషయాలనూ తెలుగులో పుస్తకాలుగా వేయాలన్నది వాళ్ల పని. గొప్ప పని, దాన్ని తక్కువ చేయను. అదే ఏడాది, అదే హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ జగన్మిత్ర మండలి పెట్టాడు. ఆయన మాట్లాడవలసిన జనానికి పుస్తకం చదవడం రాదు, రానివ్వలేదు. అందుకే హరికథలు చెప్పించాడు, ఉపన్యాసాలు ఇచ్చాడు. ఒక మండలి చేతిలో అచ్చు, ఇంకో మండలి చేతిలో గొంతు. మన సాహిత్య చరిత్రలు మొదటిదాన్ని విజ్ఞానోద్యమం అంటాయి, రెండోదాన్ని సంఘసంస్కరణ అనే వేరే అధ్యాయంలో పెడతాయి. మూఢనమ్మకాన్ని ప్రశ్నించమని జనం మధ్య నిలబడి చెప్పడం విజ్ఞాన ప్రచారం కాకుండా ఎట్లా పోయింది?

ఆ రెండూ మళ్లీ కలుసుకోవడానికి ఎనభై ఏళ్లు పట్టింది. 1987 అక్టోబర్ 2న దేశంలో ఐదు దిక్కుల నుంచి భారత జన విజ్ఞాన జాతాలు బయల్దేరి, నవంబర్ 7న, అంటే రామన్ పుట్టినరోజున, భోపాల్ చేరాయి. గ్యాస్ లీకై మూడేళ్లు కావస్తున్న భోపాల్. మరుసటి ఏడాదే మన దగ్గర జన విజ్ఞాన వేదిక పుట్టింది. దారి అంతకుముందే కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు చూపింది: పాట, వీధి నాటకం, పోస్టర్ ప్రదర్శన, రాత్రిపూట చుక్కలు చూపించడం. ఉపన్యాసానికి రాని మనిషి పాటకు వస్తాడని వాళ్లకు అర్థమైంది. అయితే ఒక మాట చెప్పాలి. ఇటువంటి చాలా సభల్లో డప్పు కొట్టి జనాన్ని పోగు చేసేవాడు మా వాడు, మైకు పట్టుకుని గ్రహణం గురించి చెప్పేవాడు ఇంకొకరు. డప్పు అక్కడ పిలుపే తప్ప పాఠం కాలేదు.

పాఠం అయ్యే సరుకు దానిలో లేదా? ఉంది, సాక్షి రామనే. 1920లో ఆయన, శివకాళి కుమార్ కలిసి నేచర్ పత్రికలో మన మృదంగం, తబలా వంటి వాయిద్యాల మీద రాశారు. మామూలుగా గుండ్రంగా బిగించిన చర్మం మీద దెబ్బ పడితే వచ్చే పై స్వరాలు శ్రుతి కలవవు. మొదటి స్వరం ఒకటైతే తర్వాతిది 1.59 రెట్లు, ఆపైది 2.14 రెట్లు. మృదంగం నడుమ నల్లటి పూత వేసి చర్మాన్ని బరువెక్కించడం వల్ల అవి 2, 3, 4 రెట్లకు దగ్గరగా వచ్చి శ్రుతిలో పడతాయని రామన్ చూపించాడు. మంచిది. ఆ పూత ఎంత మందం వేయాలో, చర్మం ఎక్కడ పల్చన చేయాలో చేత్తో తెలుసుకున్నవాళ్లు తోలు పని చేసిన కులాల వాళ్లు. వాళ్ల పేర్లు ఏ పేపర్లోనూ లేవు. ఇక డప్పును మంట దగ్గర పెడితే తోలులోని తేమ పోతుంది, తోలు ముడుచుకుంటుంది, బిగువు పెరుగుతుంది, దానితో స్వరం పైకి పోతుంది. ఎక్కువ కాలితే చిట్లుతుంది. ఎక్కడ ఆపాలో మా నాయిన చెవి దగ్గర వేలితో మీటి చెప్పేవాడు.

ఇప్పుడు చక్కెరకు వద్దాం. నిజాంసాగర్ 1931లో పూర్తయింది, నీళ్లొచ్చాయి, చెరుకొచ్చింది, 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటుకు పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. దాని మీద మన వాళ్లు చాలా రాశారు, నేను మళ్లీ రాయను. నాకు ఆసక్తి చక్కెర ఫ్యాక్టరీల ల్యాబులో ఉండే ఒక పొడవాటి గొట్టం. పోలారిమీటర్. మామూలు వెలుగు అన్ని దిక్కుల్లో ఊగుతుంది. దాన్ని ఒక్క దిక్కున ఊగేలా వడగట్టి చక్కెర నీళ్లలోంచి పంపితే ఆ దిక్కు మెల్లగా పక్కకు తిరుగుతుంది. చక్కెర ఎంత ఎక్కువో అంత ఎక్కువ తిరుగుతుంది. ఫ్రాన్స్‌లో బియో అనే ఆయన 1815లో దీన్ని కనిపెట్టాడు. రసంలో తీపి ఎంతో నాలుక పెట్టకుండా చెప్పే పద్ధతి ఇదే. చెరుకు నుంచి ఎంత శాతం చక్కెర దిగిందన్న లెక్కను బట్టే ప్రభుత్వం చెరుకు ధర కడుతుంది. అంటే మా వాళ్లు కొట్టిన ప్రతి గడ బతుకు ఆ గొట్టంలో తిరిగిన వెలుగు మీద ఆధారపడింది. మా పాఠ్యపుస్తకంలో దీని పేరు 'ధ్రువణం'. ఆ మాటతో చెరుకు కొట్టే మనిషికి ఏం చెప్తాం చెప్పండి. తెలుగు లెక్చరర్‌గా నాకు సిగ్గనిపించే మాటల్లో అదొకటి.

ఇంకో పేరు కూడా మన పిల్లలకు తెలియాలి. నోర్బెర్ రిల్యూ. 1806లో అమెరికా న్యూ ఆర్లీన్స్‌లో నల్లజాతి తల్లికి, తెల్ల తండ్రికి పుట్టాడు. పారిస్‌లో చదివి, అక్కడే పాఠాలు చెప్పాడు. అంతకుముందు చెరుకు రసాన్ని తెరిచిన గాబుల్లో మరగకాచేవారు. కాగుతున్న రసాన్ని గరిటెలతో ఒక గాబు నుంచి ఇంకో గాబులో పోసేది బానిసలు, కాలేది వాళ్ల చేతులు. గాలి ఒత్తిడి తగ్గిస్తే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కదా. రిల్యూ ఒక పాత్రలో లేచిన ఆవిరితోనే, ఒత్తిడి తగ్గించిన తర్వాతి పాత్రను మరిగించాడు. 1843లో పేటెంటు. ఈ రోజు ఏ పెద్ద చక్కెర ఫ్యాక్టరీ ఆవిరి పాత్రలు చూసినా ఆయన ఆలోచన పనిచేస్తుంటుంది. తోటల యజమానులు ఆయన తెలివిని కొన్నారు, తమ ఇంట్లో పక్కన కూర్చోబెట్టుకోలేదు. ఇటు మేఘనాథ్ సాహా కలకత్తాలో చదువుకునేటప్పుడు హాస్టల్లో పెద్దకులాల పిల్లలు ఆయనతో కలిసి తినమన్నారు. 1920లో నక్షత్రాల వెలుగును చదవడానికి ప్రపంచానికి సమీకరణం ఇచ్చింది ఆ సాహానే.

పోయినేడు సైన్స్ దినం నాడు మేం మోడళ్లు మానేశాం. మా ఫిజిక్సు మేడమ్, నేను, పదిమంది విద్యార్థులం కలిసి బోధన్ దగ్గర ఒక వాడకు పోయినం. వేప చెట్టు కింద బల్ల, రెండు పోలరాయిడ్ ముక్కలు, గాజు గ్లాసులో పంచదార పాకం, కింద ఫోన్ లైటు. పై ముక్కను తిప్పుతుంటే పాకం పసుపు, ఎరుపు, నీలం రంగులు మారుతుంది. పక్కన డప్పు. కాగబెట్టకముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొట్టి ఫోన్లో స్వరం గీత ఎంత పైకి జరిగిందో చూపించినం. ఈసారి డప్పు బల్ల మీదే ఉంది.

ఇరవై ఏళ్లు చెరుకు కొట్టిన ఒక అవ్వ చాలాసేపు గ్లాసు మీదికి వంగి చూసింది.

"బిడ్డా, కొట్టి నాల్గు దినాలు ఎండల పడేసిన చెరుకు రసం పోస్తే గిట్లనే తిరుగుతదా?"

మేడమ్ ముఖం వెలిగింది. కొట్టిన చెరుకు నిలవుంటే అందులోని చక్కెర రెండుగా విడిపోతుందని, ఆ విడిపోయినది వెలుగును వెనక్కి, ఎడమకు తిప్పుతుందని చెప్పింది. "కానీ రసం మురికిగా ఉంటదవ్వా, వెలుగు పోదు. తేటపరచాలె."

"గదేం పని? జెరంత సున్నం కలిపి, బెండ కట్టె నలగ్గొట్టి పొయ్యి. బెల్లం వండంగ చేస్తలేమా?"

మేడమ్ పెన్ను తీసి రాసుకుంది. తర్వాతి సోమవారం అవ్వ మనవడితో కాలేజీకి రెండు గడలు పంపింది. పాతదేదో గుర్తుండడానికి ఒకదానికి ఎర్ర దారం కట్టింది.