సిరిసిల్ల మీద పడుతుందనుకున్న రాకెట్టు

జులై 11 మళ్లీ వస్తోంది. 1979లో ఆ రోజు రాత్రి అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కూలింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు అరవై దాటిన వాళ్లను ఎవరిని కదిలించినా ఆ ముచ్చట చెబుతారు. ఏ ఊళ్లో ఎవరెవరు యాటలు కోశారో, ఎవరు ఎడ్లను అగ్గువకు అమ్ముకున్నారో వాళ్లకింకా గుర్తుంది. అయితే ఇంతమందిని వణికించిన ఆ వస్తువు అసలు కథ ఈ ముచ్చట్లలో వినిపించదు. చంద్రయాత్రలకు చేసి, వాడకుండా మిగిలిపోయిన రాకెట్లతోనే స్కైలాబ్ తయారైంది.

రాకెట్లను ఎగరేసే మండే మందుతో ఈ నేలకున్న పాత సంబంధం గురించి చరిత్ర పుస్తకాలు చెప్పేది తక్కువ. ఫ్రెంచివారి సాయంతో 18వ శతాబ్దంలో కట్టిన జగిత్యాల ఖిల్లా నక్షత్రం ఆకారంలో ఉంటుంది, దాని ఫిరంగులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఆ శతాబ్దంలోనే మైసూరులో హైదరలీ, టిప్పు ఇనుప గొట్టాల్లో మందు కూరి ఇంగ్లిషు సైన్యం మీదికి రాకెట్లు వదిలారు. 2018లో శివమొగ్గ జిల్లా నగర కోట దగ్గర ఒక పాడుబడ్డ బావిలో అలాంటివి తుప్పు పట్టి వెయ్యికి పైగా బయటపడ్డాయి. టిప్పు కాలం తర్వాత చాలాకాలం చెప్పుకోదగ్గదేమీ లేదు. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి అమెరికా చేసిన చిన్న రాకెట్ ఒకటి ఎగిరింది. 1971లో శ్రీహరికోట మొదలైంది.

అప్పటికే అమెరికాలో చంద్రుడి మోజు తగ్గుతోంది. చంద్రయాత్రల కోసం 111 మీటర్ల ఎత్తుండే సాటర్న్-5 రాకెట్లను 15 సిద్ధం చేశారు. డబ్బు తెగ్గోయడంతో అపోలో 18, 19, 20 యాత్రలు రద్దయ్యాయి. రాకెట్లు మిగిలాయి.

అందులో ఒకదాన్ని అంతరిక్ష కేంద్రం మోయడానికి పెట్టారు. ఆ కేంద్రాన్ని కూడా కొత్తగా కట్టలేదు. సాటర్న్ రాకెట్లలో పైన ఉండే ఎస్-4బి దశ ఒకటి మిగిలి ఉంటే దాన్నే ఇల్లుగా మార్చారు. ఆరున్నర మీటర్ల వెడల్పున్న ఆ గొట్టంలో ద్రవ హైడ్రోజన్ నింపాల్సిన పెద్ద ట్యాంకులో అంతస్తులు వేసి, పడక గదులు, వంటిల్లు, స్నానానికి ఏర్పాటు అమర్చారు. నేలంతా త్రికోణపు గళ్ల జాలీ. బరువు తెలియని చోట మనిషి గాల్లో తేలిపోకుండా, బూట్ల అడుగున ఉన్న ముక్కను ఆ గడిలో ఇరికించి తిప్పితే కాలు అక్కడే నిలుస్తుంది. కింద ఆక్సిజన్ కోసం చేసిన చిన్న ట్యాంకు చెత్త వేసుకోవడానికి పనికొచ్చింది. వాడని సామానుతో ఇంత తెలివిగా ఇల్లు కట్టిన ఇంజనీర్లను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

1973 మే 14న స్కైలాబ్ ఎగిరింది. పైకి వెళ్తుండగానే రక్షణ కవచం ఊడింది, సౌర రెక్క ఒకటి పోయింది. వెళ్లిన వ్యోమగాములు దాన్ని చక్కదిద్దుకుని ఉన్నారు. మూడు జట్లు 28, 59, 84 రోజుల చొప్పున గడిపి, 1974 ఫిబ్రవరిలో చివరి జట్టు తలుపు మూసి వచ్చేసింది. స్పేస్ షటిల్ వచ్చి దాన్ని ఇంకా పైకి నెడుతుందని నాసా ఆశ. షటిల్ ఆలస్యమైంది. ఈలోగా సూర్యుడి ఉధృతి పెరిగి పై వాతావరణం ఉబ్బింది. ఆ గాలి రాపిడికి స్కైలాబ్ అనుకున్న దానికంటే ముందే కిందికి జారసాగింది. ఎవరో ఒకరికి దెబ్బ తగిలే అవకాశం 152లో ఒకటని నాసా లెక్క చెప్పింది. ఎక్కడ పడుతుందో మాత్రం చెప్పలేకపోయింది.

అప్పటికి కరీంనగర్ జిల్లా పల్లెలు అసలే భయం మధ్య ఉన్నాయి. 1978 సెప్టెంబరులో దొరల పెత్తనం మీద రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. మరుసటి నెలలోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరల గడీలు, పోలీసు క్యాంపులు, రాత్రిపూట తలుపు చప్పుళ్లు. వాటికి తోడు ఆకాశం నుంచి ఇనుము రాలుతుందన్న వార్త. రేడియోలో విన్నది ఒకటి, ఊరు చేరేసరికి ఇంకొకటి.

పోతామనుకున్న వాళ్లు ఉన్నది తిని పోదామనుకున్నారు. కోళ్లు, మేకలు కోశారు. దాచుకున్న బియ్యం వండారు, కల్లు తాగారు. పాత పగలు మరిచి అన్నదమ్ములు ఒకచోట కూర్చున్నారని చెప్పే ఊళ్లున్నాయి. అప్పు తీర్చడం ఎందుకని ఊరుకున్న వాళ్లూ, పోయేలోపు రుణం ఉండొద్దని తీర్చేసిన వాళ్లూ ఉన్నారట. గుళ్లలో భజనలు సాగాయి. ఆ రోజుల్లో పుట్టిన కొందరికి స్కైలాబ్ అనే పేరే పెట్టారు, తెలంగాణ ప్రజాసంఘాల్లో ఆ పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. ఈ పల్లెల వాళ్లను అమాయకులని నవ్వడం అన్యాయం. 77 టన్నుల వస్తువు ఎక్కడ పడుతుందో చేసిన వాళ్లకే తెలియనప్పుడు, సిరిసిల్ల వైపు బండలింగంపల్లిలో రైతు ఏం చేయాలి?

ఆ రాత్రి మన గడియారాల్లో పది దాటాక అది ముక్కలై హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పరెన్స్ పరిసరాల్లోనూ పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మా ఊళ్లో చెత్త పారేశారని అక్కడి పాలకవర్గం 400 డాలర్ల జరిమానా వేసింది. 2009లో ఒక అమెరికన్ రేడియో వ్యాఖ్యాత చందాలు పోగేసి అది కట్టాడు. దొరికిన ముక్కల్ని ఎస్పరెన్స్ మ్యూజియం భద్రంగా పెట్టుకుంది. ఎగరకుండా మిగిలిన రెండో స్కైలాబ్ వాషింగ్టన్ మ్యూజియానికి చేరింది. సందర్శకులు లోపలికి నడిచి ఆ త్రికోణపు గళ్లను చూశారు.

స్కైలాబ్ కూలిన నెల రోజులకు, 1979 ఆగస్టు 10న, శ్రీహరికోట నుంచి అబ్దుల్ కలాం సారథ్యంలో ఎగిరిన మన తొలి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ అయిదు నిమిషాలకే బంగాళాఖాతంలో పడిపోయింది. 1980 జులై 18న రెండోది గెలిచింది.

మిగిలిన రాకెట్ల గతి అన్నిచోట్లా ఒకేలా లేదు. స్కైలాబ్‌కు చోటివ్వడానికి దాన్ని మోసిన రాకెట్ నుంచి తీసేసిన మూడో దశ ఇప్పుడు హ్యూస్టన్‌లో ఉంది. మరో రెండు రాకెట్ల భాగాలతో కలిపి పడుకోబెట్టిన ఆ సాటర్న్-5 దాదాపు మూడు దశాబ్దాలు ఎండకు ఎండి, వానకు నాని, చివరికి కప్పు కిందికి చేరింది. అలబామాలో హైవే పక్కన 1979 నుంచి నిలబడ్డ సాటర్న్-1బి రాకెట్‌కు ఆ అదృష్టం లేదు. శిథిలమైందని 2023లో దాన్ని విప్పేశారు. రష్యావారి షటిల్ బురాన్ 2002లో బైకనూరు షెడ్డు కప్పు కూలి నుజ్జయింది, ఎనిమిది మంది చనిపోయారు. 2023 జులైలో ఆస్ట్రేలియాలోని గ్రీన్ హెడ్ తీరానికి పెద్ద లోహపు డ్రమ్ము కొట్టుకొచ్చింది. అది మన పీఎస్ఎల్‌వీ మూడో దశదే అయి ఉంటుందని ఆ దేశ అంతరిక్ష సంస్థ తేల్చింది. దాన్ని స్కైలాబ్ ముక్కల పక్కన పెట్టుకోవచ్చని పశ్చిమ ఆస్ట్రేలియా ప్రీమియర్ రోజర్ కుక్ అన్నారు.

మన దగ్గర 2021లో విశ్వక్ ఖండేరావు బండలింగంపల్లినే కథాస్థలంగా తీసుకుని ‘స్కైలాబ్’ సినిమా తీశారు. అది సంతోషం. కానీ సినిమా కథ వేరు, సాక్ష్యం వేరు. 1979లో పదిహేనేళ్లున్న పిల్లలకు ఇప్పుడు అరవై దాటాయి. వాళ్ల తల్లిదండ్రుల్లో చాలామంది లేరు. శాతవాహన విశ్వవిద్యాలయం విద్యార్థులు సెలవుల్లో ఫోన్ రికార్డర్లు పట్టుకుని ఎల్లారెడ్డిపేట, కోరుట్ల, మెట్‌పల్లి పల్లెలు తిరగాలి. అమ్మిన ఎద్దు ధర ఎంత, కొన్నది ఎవరు, ఆ వార్త మొదట చెప్పింది ఎవరు, ఆ రాత్రి నేత సాంచెలు ఆగాయా, బీడీల చాటలు పక్కన పెట్టారా, తెల్లారి మొదట ఏ పనికి పోయారు అని పేరుపేరునా అడిగి రాసుకోవాలి.