కుండమార్పిడి చామంతి

ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్‌కి వచ్చిన కొత్తలో ఓ శుక్రవారం పూజకి పువ్వుల్లేవు. ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున స్టాక్టన్‌కి వెళ్తే, ఇసుకదిబ్బల నిండా పసుపుపచ్చటి పూలు. అచ్చం మన చిట్టిచామంతులే! కొంగు లేదు కాబట్టి టోపీలోకి కోసుకున్నాను. పక్కనే గ్లవుజులేసుకుని అవే మొక్కల్ని వేళ్లతో సహా పీకుతున్న ఓ పెద్దావిడ నా టోపీలోకి తొంగిచూసి, "పువ్వులైతే పట్టుకెళ్లు. కాయలు మాత్రం వద్దు" అంది.

దీని పేరు బిటూ బుష్. శాస్త్రనామానికి అర్థం తీస్తే 'హారం వేసుకున్న చామంతిలాంటిది'. పుట్టిల్లు దక్షిణాఫ్రికా తీరం. బొగ్గు కోసం ఖాళీగా వచ్చే ఓడలు బరువుకని అడుగున నింపుకొచ్చిన మట్టినీ రాళ్లనీ స్టాక్టన్ ఒడ్డున పోసేవి. ఆ మట్టిలోనే దిగి ఉంటుందంటారు. 1908లో ఇక్కడే మొదట కంటబడింది. అక్కడితో ఆగినా బాగుండేది. రూటైల్, జిర్కాన్ ఖనిజాల కోసం దిబ్బలు తవ్విపోశాక, ఎగిరే ఇసుకని పట్టి ఉంచుతుందని 1946 నుంచి 1968 దాకా ప్రభుత్వమే పనిగట్టుకుని నాటించింది. 2001 నాటికి న్యూసౌత్‌వేల్స్ తీరంలో 80 శాతం మేర పాకింది.

తమాషా ఏమిటంటే, సరిగ్గా ఇసుక ఆపడానికే దక్షిణాఫ్రికావాళ్లు ఆస్ట్రేలియా తుమ్మల్ని తెచ్చి నాటుకున్నారు. అక్కడ అవి కలుపు. కుండమార్పిడి సంబంధమన్నమాట! పుట్టింట్లో అణకువగా ఉన్న పిల్లలిద్దరూ మెట్టినింట గయ్యాళులయ్యారు. బుద్ధి మారిందనా? కాదు. చిగుళ్లు కొరికే, గింజలు తినే పురుగులనే బంధువర్గం పుట్టింట్లోనే ఉండిపోయింది. చివరికి వాళ్లనే పిలిపించారు: 1989లో చిగుళ్లు తినే చిమ్మటని, 1996లో గింజల్ని పాడుచేసే ఈగని. అటు తుమ్మ మొగ్గల్ని గడ్డలు కట్టించే కందిరీగ 1982లోనే ఆస్ట్రేలియా సారెగా వెళ్లింది. "ఇక ఆ పోలిక చాలించు" అంటారు మావారు.

ఇప్పుడు నెలకో ఆదివారం ఆ పెద్దావిడతో నేనూ పీకడానికి వెళ్తున్నాను. లేత చిగురు మీద సాలెగూడులాంటి తెల్లటి నూగు. నల్లటి పండు చిదిమితే లోపల ఎముకలాంటి గింజ. అన్నీ ఒక్కసారే పీకనివ్వదు ఆవిడ. పీకేస్తే ఇసుక మళ్లీ లేస్తుందట.

అమ్మకి ఫోన్లో ఇదంతా చెబితే, "పరాయి మొక్కలెందుకే వాళ్లకి? మన సూర్యలంకలో సరుగుడు తోటలు ఇసుకని ఆపట్లేదూ?" అంది.

సరుగుడు కూడా ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా ఒడ్డుల్లో పుట్టిన చెట్టేనన్నాను.

"పోవే! నీ పెళ్లిపందిరి వేసింది ఆ కర్రలతోనే" అంది అమ్మ.