మార్లవాయి బడి నుంచి మన స్కాలర్‌షిప్ దాకా

మన చదువుకు అందే సర్కారు సాయం ఎవరో జాలిపడి ఇచ్చింది కాదు. జల్, జంగల్, జమీన్ కోసం పోరాడి కుమ్రం భీము 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగారు. ఆ పోరు తర్వాతే నిజాం ప్రభుత్వం మన గూడేల వైపు చూసింది. మన కష్టాలు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది, గోండిలో వాచకాలు తయారయ్యాయి. అక్కడ నేర్చుకున్నవాళ్లు ఊళ్లకు తిరిగివచ్చి పిల్లలకు మన భాషలో అక్షరాలు దిద్దించారు.

దేశంలో 1944లో ఎస్సీలకు మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కొద్ది ఏళ్లకే ఎస్టీలకూ వచ్చింది. ఇంటర్ నుంచి పీజీ దాకా, ఆ పైనా అదే మనకు ఆసరా. విదేశాల్లో చదవాలనుకునే ఎస్టీ విద్యార్థులకు కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తోంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అడగనిదే ఏదీ రాదు. కుల, ఆదాయ పత్రాలు మీసేవలో ముందే తీసుకోండి. ఈపాస్‌లో గడువులోగా దరఖాస్తు పెట్టండి, ఏటా రెన్యువల్ మరవకండి. సందేహముంటే కాలేజీ ఆఫీసులోనో, ఉట్నూరు ఐటీడీఏలోనో అడగండి. చదువుకున్నవాళ్లం గూడెంలో మరో ఇద్దరి ఫారాలు దగ్గరుండి నింపిద్దాం. మార్లవాయి పంతుళ్లు చూపిన దారి అదే.